కాలిబాటకు గండ్లు

పసిపిల్ల గోడ పట్టుకుని తప్పటడుగులు వేస్తుంటే ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఆ పిల్లే పదేళ్లదై, పుస్తకాల సంచీ భుజాన వేసుకుని, "అమ్మా, నేను బడికి నడిచి వెళ్లి వస్తానే!" అంటే ఆ ఇంటిల్లిపాదికీ గుండె గుభేలుమంటుంది. బడి పొరుగూళ్లో లేదు. నాలుగు వీధుల అవతల ఉన్నది. పిల్లకు నడక రాదా అంటే బ్రహ్మాండంగా వచ్చు. ఆమె నడవటానికి వీధిలో చోటు లేదు, అంతే!

హైదరాబాదులో కాపురం ఉన్నవారికి ఈ బెంగ కొత్త కాదు. తాతగారు సాయంకాలం పూట గుడికని బయలుదేరితే, ఆయన తిరిగి గుమ్మంలో అడుగు పెట్టేదాకా కోడలికి వంటమీద ధ్యాస నిలవదు. రెండు సందుల అవతల ఉన్న కూరల దుకాణానికి కూడా స్కూటరు తియ్యవలసి వస్తున్నది. పిల్లల్ని బడికి చేర్చటానికి ఆటో, బస్సు ఎక్కటానికి ఆటో, మందుల షాపుకు ఆటో. మధ్యతరగతి సంసారంలో ఈ ఆటోల పద్దు ఒక్కటే నెల తిరిగేసరికి పాల పద్దుతో పోటీ పడుతున్నది.

మరి ఇంత పెద్ద నగరంలో కాలిబాటలే లేవా? ఉన్నాయి. సైకిలు బాటలు? అవీ ఉన్నాయి. విడివిడిగా చూస్తే కొన్ని చాలా ముచ్చటగా కూడా ఉన్నాయి. చిక్కల్లా ఏమిటంటే, ఒకదానికీ మరొకదానికీ పొత్తు లేదు. చెరువు కట్ట ఎంత పొడుగున, ఎంత గట్టిగా పోసినా సరే, ఒక్కచోట గండి పడితే ఆ చెరువులో నీళ్లు నిలవవు. కాలిబాట సంగతీ అంతే. తొంభై గజాలు నున్నగా ఉండి పది గజాలు తెగిపోతే, ముసలివాళ్లకూ పిల్లలకూ ఆ వంద గజాలూ లేనట్టే లెక్క.

నడవటానికి కారులో ప్రయాణం!

ముందు ఉన్నవాటిని చెప్పుకుందాం. పదహారో శతాబ్దంలో కట్టిన హుస్సేన్ సాగరం గట్టు, దాని పక్కన నెక్లెస్ రోడ్డు ఉన్నాయి. సాయంకాలం చల్లగాలికి అక్కడ నడవటం నగరవాసులకు తరతరాల అలవాటు. 2021లో కొన్నాళ్లపాటు ఆదివారం సాయంత్రాలు ట్యాంక్ బండ్ మీద మోటార్లను ఆపివేసి, ఆ రోడ్డును జనానికి విడిచిపెట్టారు. పిల్లాపాపలతో కుటుంబాలు తరలివచ్చి రోడ్డు నడిమధ్యన కూర్చుని మిఠాయి తిన్నాయి.

జూబిలీ హిల్సులో కాసు బ్రహ్మానంద రెడ్డి జాతీయ వనం చుట్టూ నడకదారి ఉన్నది. తెల్లవారకుండానే అక్కడ జనం గుంపులు గుంపులుగా తిరుగుతుంటారు. 2020లో తెరచిన దుర్గం చెరువు తీగల వంతెన మీద నడవటానికి చోటున్నది. పాత నగరంలో, ఏళ్ల తరబడి సాగిన ప్రయత్నాల తర్వాత, చార్మినారు చుట్టూ మోటారు బండ్లను ఆపివేసి రాళ్లు పరిచారు. గాజుల బేరం చేస్తూ నింపాదిగా నడవవచ్చు.

ఇక సైకిళ్లకు 2023 అక్టోబరు 1న అవుటర్ రింగు రోడ్డు పక్కన ఒక బాట ప్రారంభించారు. పొడవు 23 కిలోమీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక పాయ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా మరొక పాయ. పైన ఎండ తగలకుండా కప్పు, ఆ కప్పే సౌర ఫలకాలు! 16 మెగావాట్ల విద్యుత్తు తీసే ఏర్పాటు. దక్షిణ కొరియాలోని ఇలాంటి బాటను చూసి ఈ ఆలోచన చేశారు.

ఇవన్నీ సంతోషించవలసినవే. కాని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చోట్లకు నడిచి వచ్చేవారెందరు? వనం గేటు దగ్గర తెల్లవారుజామున బారులు తీరేవి కార్లు. నడవటానికి కారులో వెళ్లి, నడిచి, మళ్లీ కారెక్కి ఇంటికి రావటం! సైకిలు బాటకూ అదే తీరు. చార్మినారు దగ్గరుండే కుర్రవాడు నార్సింగి చేరాలంటే పది కిలోమీటర్ల పైచిలుకు లారీలతో, బస్సులతో పోటీ పడి సైకిలు తొక్కాలి. ఆ తర్వాతగదా సౌర ఫలకాల నీడ! లేదా కారు వెనుక సైకిలు కట్టుకు రావాలి.

అంటే మనకున్నవి వ్యాయామం చేసుకునే దారులు. ఒకచోటు నుంచి మరొకచోటికి పోయే దారులు కావు. షికారుకు దారి ఉన్నది. బడికి, బజారుకు, పనికి దారి తెగిపోయింది.

నాలుగు వందల గజాలు

ఆ తెగటం ఎలా ఉంటుందో చూడాలంటే ఎంతో దూరం పోనక్కర్లేదు. 2017 నవంబరులో మొదలైన మెట్రో రైలు 2020 ఫిబ్రవరి నాటికి మూడు దారుల్లో 69 కిలోమీటర్లకు విస్తరించింది. రైలు చల్లగా, శుభ్రంగా ఉంటుంది. మియాపూరులో ఎక్కి ఎల్.బి. నగరులో హాయిగా దిగవచ్చు. అసలు ప్రయాణం దిగిన తర్వాతనే మొదలవుతుంది. స్టేషను నుంచి మీ ఇంటికి నాలుగు వందల గజాలే అనుకుందాం. రండి, నడుద్దాం.

స్టేషను మెట్లు దిగీదిగగానే కాలిబాటలో సగం ఆ మెట్లకే పోయినట్టు కనిపిస్తుంది. మిగిలిన సగంలో మోటారు సైకిళ్లు నిలిపి ఉంటాయి. వాటి సందులోంచి పక్కకు తిరిగి నడిచి ముందుకు పోతే, ఇనప కంచె కట్టిన ట్రాన్స్‌ఫార్మరు ఎదురవుతుంది. అక్కడ రోడ్డుమీదికి దిగాలి. మళ్లీ ఎక్కుదామంటే గట్టు మోకాలెత్తు! ఎక్కారు సరే, పది అడుగులు వెయ్యగానే ఒక ఇంటివారు కారు లోపలికి పోవటానికి కాలిబాటను కోసి ఏటవాలుగా దిమ్మ కట్టుకున్నారు. దిగండి. తర్వాత ఇంటివారు తమ దిమ్మను ఇంకొంచెం ఎత్తుగా కట్టారు. ఎక్కండి. ఒకచోట డ్రైనేజీ మూత జానెడు పైకి లేచి ఉన్నది. ఒకచోట మూతే లేదు. ఒక దుకాణం మెట్లు, ఒక ప్రకటన బోర్డు, ఒక ఇసుక కుప్ప. ఆఖరున కాలిబాట ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతుంది. మీరు రోడ్డుమీద ఉన్నారు, వెనుక బస్సు హారను కొడుతున్నది.

ఈ నాలుగు వందల గజాల్లో ఎన్నిసార్లు ఎక్కి దిగవలసి వచ్చిందో లెక్కపెట్టుకోండి. కుర్రవాళ్లకు ఇది దొమ్మరి విద్య. మోకాళ్ల నొప్పులున్న బామ్మగారికి, కడుపుతో ఉన్న అమ్మాయికి, చూపు ఆననివారికి, చక్రాల కుర్చీలో తిరిగేవారికి మాత్రం మొదటి గండి దగ్గరే ప్రయాణం ఆఖరు.

కాలిబాట ఎలా ఉండాలో మన ఇంజనీర్లకు తెలియదనుకోకండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ 2012లో దీనికోసం ప్రత్యేకంగా నియమాలు అచ్చువేసింది. ఇళ్లున్న వీధుల్లో కూడా నడవటానికి అడ్డులేని చోటు 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు, ఉండాలి. గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాలు, మించరాదు. తలకు కొమ్మా బోర్డూ తగలకుండా 2.2 మీటర్ల ఎత్తు ఖాళీగా వదలాలి. ఈసారి మీ వీధిలో నడిచేటప్పుడు ఒక టేపు పట్టుకు వెళ్లండి. ఈ మూడూ ఒక్కచోట కుదిరిన కాలిబాట కనిపిస్తే ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకోవచ్చు.

ఇరవై ఐదు సెకన్లు

అన్నింటికన్నా పెద్ద గండి రోడ్డు దాటేచోట ఉన్నది. రోడ్డు వెడల్పు 20 మీటర్లనుకోండి. సిగ్నళ్లు అమర్చే ఇంజనీర్లు సామాన్యంగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క కడతారు. ఆ లెక్కన దాటటానికి పదిహేడు సెకన్లు చాలు. కాని పెద్దవయసువారు చాలామంది సెకనుకు 0.8 మీటర్లకన్నా నడవలేరు. వారికి ఇరవై ఐదు సెకన్లు కావాలి. తేడా ఎనిమిది సెకన్లే! ఆ ఎనిమిది సెకన్లూ తాతగారు రోడ్డు మధ్య ఉంటారు. ఎదుట బండ్లన్నీ ఒక్కసారిగా కదులుతాయి.

సిగ్నలున్న చోటి మాట ఇది. లేనిచోట చెయ్యి చాచి, దేవుణ్ణి తలుచుకుని, అడుగు వెయ్యటమే. పైగా మన కూడళ్లలో "ఫ్రీ లెఫ్ట్" అని ఒక ఏర్పాటున్నది. ఎర్రదీపం ఉన్నా ఎడమవైపు తిరిగే బండ్లు ఆగనక్కర్లేదు. మోటారువారికి అది సౌకర్యమే. ఆ మూలమీద నిలబడ్డ పాదచారికి మాత్రం ఏ క్షణానా బండ్లు ఆగవన్నమాట.

దీనికి మందుగా ఆకాశ వంతెనలు వేస్తున్నారు. ఉప్పల్ కూడలిలో 2023 జూన్‌లో తెరచిన నడక వంతెన సుమారు 660 మీటర్ల పొడవున్నది. దానికి లిఫ్టులు కూడా పెట్టారు. అలాంటి అతి పెద్ద కూడలిలో అది మేలే చేసింది. కాని ప్రతి వీధి మొగలోనూ అలాంటిది కట్టలేము గదా! లిఫ్టు లేని వంతెన అయితే నలభై మెట్లు ఎక్కి నలభై మెట్లు దిగాలి. బామ్మగారు కింద నిలబడి ఆ మెట్ల వంక చూసి, చీర కుచ్చెళ్లు సవరించుకుని, రోడ్డుకే అడ్డంపడి పోతారు. తప్పు బామ్మగారిది కాదు. మోటారుకు నేల వదిలి, మనిషిని మేడ ఎక్కమంటున్నాం.

మోటార్లకు మాత్రం ఎక్కడా తెంపు లేదు చూడండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో వచ్చింది. షేక్‌పేటలో 2.8 కిలోమీటర్ల ఫ్లై ఓవరు 2022 జనవరి 1న తెరిచారు. కార్లు ఎక్కడా ఆగకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి పోవాలని అంత శ్రద్ధ తీసుకున్నారు. ఆ "ఎక్కడా ఆగకుండా" అనే మాట నడిచేవారికి కూడా వర్తింపజేయాలని అడగటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సైకిలు తొక్కేది ఎవరు?

పెద్దవాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఒకప్పుడు సైకిలుకు మునిసిపాలిటీ బిళ్ల ఉండేది. రాత్రిపూట దీపం లేకుండా పోతే పోలీసు పట్టుకునేవాడు. ఇద్దరు ఎక్కినా పట్టుకునేవాడు. గుమాస్తా మొదలు మేష్టారుగారి దాకా సైకిలు మీదనే పోయేవారు. ఇప్పుడు ఎవరూ పట్టుకోరు. తొక్కేవాడే కరువయ్యాడని మనం అనుకుంటాం.

అది నిజం కాదు. తెల్లవారుజామున మీ వీధి గేటు దగ్గర నిలబడి చూడండి. అపార్టుమెంటు వాచ్‌మన్ రాత్రి డ్యూటీ ముగించుకుని సైకిలు మీదనే పోతాడు. తాపీమేస్త్రీ పనిముట్ల సంచీ హాండిలుకు తగిలించుకుని వస్తాడు. టీ ఫ్లాస్కు కట్టుకుని ఒకడు, ఇస్త్రీ బట్టల మూటతో మరొకడు. వీరికి సైకిలు వ్యాయామం కాదు, జీవనం. నగరం చివర వేసిన సౌరబాట వీరి దారిలో లేదు. వీరి దారిలో ఉన్నవల్లా ఎడమ అంచున పేరుకున్న ఇసుక, చక్రం ఇరుక్కునేంత సందున్న డ్రైనేజీ జల్లెడ, హఠాత్తుగా తెరుచుకునే కారు తలుపు. రోడ్డుకు పక్కన రంగు పూసి సైకిలు బొమ్మ వేసినచోట్ల కూడా, అసలు ప్రమాదం ఉండే కూడలి దగ్గరకు వచ్చేసరికి ఆ రంగు ఆగిపోతుంది.

ఎందుకు తెగింది?

మన నగరానికి నడిచేవారంటే మొదటినుంచీ లక్ష్యం లేదనటం అన్యాయం. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత, 1912లో నగరాభివృద్ధికి ఒక బోర్డును ఏర్పరచారు. ఆ బోర్డు వారు పత్తర్‌గట్టీని తీర్చిదిద్దినప్పుడు దుకాణాల ముందు రాతి కమానులతో వరండాలు కట్టించారు. మోటార్లు వేళ్లమీద లెక్కపెట్టదగిన ఆ రోజుల్లోనే, కొనుక్కునేవారు ఎండకు మాడకుండా, వానకు తడవకుండా నీడన నడవాలని ఎవరో ఆలోచించారు.

ఆ తర్వాత ఊరు పెరిగింది. ఎక్కడికక్కడ కాలనీలు వెలిశాయి. ఒక్కొక్క కాలనీ వారు తమ హద్దుదాకా రోడ్డు వేసుకున్నారు. పక్క కాలనీతో కలిపే పని ఎవరిదీ కాకపోయింది. శివారులోని పన్నెండు మునిసిపాలిటీలను నగరంతో కలిపి 2007లో మహానగర కార్పొరేషను చేసినప్పుడు కాగితాలమీద హద్దులు చెరిగాయి గాని, కాలిబాటమీద చెరగలేదు.

దీనికి తోడు కాలిబాటకు యజమానులు పలువురు. రాళ్లు పరిచేది కార్పొరేషను, స్తంభమూ ట్రాన్స్‌ఫార్మరూ విద్యుచ్ఛక్తి సంస్థవి, కింద గొట్టాలూ మూతలూ జలమండలివి, సిగ్నలు పోలీసులది, మెట్లు మెట్రోవి, అవుటర్ రింగు రోడ్డు పక్కన బాట వేసింది మరొక సంస్థ. ఒకరు పరిచిన రాయిని వేరొకరు తవ్వుతారు. తవ్వినవారు మన్ను కప్పి పోతారు. ఉమ్మడి కుటుంబంలో అందరి సొత్తూ అయిన గిన్నె ఎవరూ తోమరన్నట్టు, ఆ గండి పూడ్చేవారుండరు.

ఒక చిన్న ఊరు నేర్పిన పాఠం

సైకిళ్ల దేశం అంటే అందరూ హాలెండు పేరు చెబుతారు. వారికది పుట్టుకతో రాలేదు. అక్కడా కార్లు పెరిగి వీధులు నిండిపోయాయి. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలకు మూడు వేల మందికి పైగా బలి అయ్యారు. వారిలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లులూ తండ్రులూ వీధులకెక్కి "పిల్లల హత్యలు ఆపండి" అంటూ ఉద్యమం లేవదీశారు. ప్రభుత్వం కదిలింది.

మనకు పనికివచ్చే ముక్క ఆ తర్వాత జరిగింది. 1970 దశకంలో హేగ్, టిల్‌బర్గ్ అనే రెండు నగరాల్లో బోలెడు డబ్బు పోసి చెరొక దివ్యమైన సైకిలు దారి వేశారు. ఆ దారులమీద సైకిళ్లు పెరిగాయి; కాని చాలామటుకు పక్క వీధుల్లో తొక్కేవారే ఇటు మళ్లారు. ఊరు మొత్తంమీద పెద్ద మార్పు రాలేదు. 1980 దశకంలో డెల్ఫ్ట్ అనే చిన్న ఊరు మరొక పద్ధతి పట్టింది. ఒక్క దివ్యమైన దారికి బదులు, ఊరంతటా దారులు ఎక్కడెక్కడ తెగాయో చూసి, వాటిని కలుపుకుంటూ పోయింది. ఇక్కడ కాలువమీద ఒక చిన్న వంతెన, అక్కడ రైలు కట్ట కింద ఒక సొరంగం, ఇంకోచోట ఒకవైపు వీధిలో సైకిలుకు మాత్రం ఎదురు పోయే అనుమతి. చూడటానికి ఘనంగా లేవు. కాని ఊరంతా ఒక్క వలగా కలిసింది; సైకిలు తొక్కేవారు పెరిగారు.

మన 23 కిలోమీటర్ల బాట వంటిదాన్ని చూసి ఎవరైనా మెచ్చుకుంటారు. పూడ్చిన గండిని ఎవరూ మెచ్చుకోరు. దానికి శిలాఫలకం కూడా వెయ్యలేరు. అయినా జనానికి ఉపకరించేది అదే.

హక్కు ఉన్నది, అడగాలి

ఇదంతా సౌకర్యం గురించిన గొడవ అనుకుంటే పొరపాటు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచిపోతున్నవారు. అంటే ఆ ఏడాది రోజుకు తొంభై మంది చొప్పున, ఎవరింటికో నడిచి వస్తున్నవారు రాకుండా పోయారు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక కేసులో, పాదచారులకు కాలిబాట ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. అడ్డంకులు లేకుండా, వికలాంగులు కూడా నడవగలిగేలా కాలిబాటలు ఉండాలని రాష్ట్రాలను ఆదేశించింది. కాలిబాటమీద బండి నిలపటం, నడపటం తప్పని మోటారు నియమాలు ముందునుంచీ చెబుతూనే ఉన్నాయి. జీబ్రా గీతల మీద మనిషి ఉంటే బండి ఆగాలన్న నియమమూ ఉన్నది. మనలో ఎందరం ఆగుతున్నామో మనకే తెలుసు.

కాలిబాట అనగానే కొందరికి తోపుడు బండ్లమీద కోపం వస్తుంది. వారిని తోలేస్తే సరిపోతుందంటారు. కాని వీధి వర్తకులకు 2014లో వచ్చిన చట్టం రక్షణ ఇచ్చింది; వారికి తగిన చోటు చూపవలసిన బాధ్యత నగరానిదే. రాత్రి ఎనిమిది గంటలకు ఆడపిల్ల ఒంటరిగా నడిచి వచ్చేటప్పుడు ఆమెకు ధైర్యం చెప్పేది ఆ మిర్చి బజ్జీల బండి దీపమే. కాలిబాటను ఎక్కువ మింగినవారు బండివారా, లేక గేటు ముందు దిమ్మ కట్టుకుని కారు అడ్డంగా నిలిపిన మనమా అన్నది ఎవరికి వారే చూసుకోవాలి.

గండ్లు పూడ్చటానికి కోట్లు అక్కర్లేదు. ఇళ్ల ముందు కాలిబాటను దించకుండా అదే ఎత్తున సాగనిచ్చి, కారే ఎక్కి దిగేట్టు చేయవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ నాలుగడుగుల దారి వదలవచ్చు. సిగ్నలులో ఎనిమిది సెకన్లు కలపటానికి అయ్యే ఖర్చు ఎంత? తవ్వినవారే పూడ్చి, పూర్వపు రాళ్లు పరిచినదాకా బిల్లు ఇవ్వకపోతే సగం గుంటలు తగ్గుతాయి. కొత్త సైకిలు బాట వేసేముందు, ఉన్న బాటను దగ్గరలోని మెట్రో స్టేషనుకు కలపవచ్చు.

ఎక్కడ మొదలుపెట్టాలంటారా? బడి దగ్గర. ప్రతి బడి చుట్టూ అర కిలోమీటరు మేర దారులు తెగకుండా ఉంటే చాలు; పిల్లలతోపాటు తాతగార్లూ బామ్మగార్లూ కూడా ఆ దారినే నడుస్తారు. ఈ ఆదివారం మీ కాలనీలో నలుగురు కలిసి, ఇంటి నుంచి బడిదాకా ఒక్కసారి నడిచి చూడండి. పిల్లల్ని వెంట తీసుకువెళ్లండి. గండి ఎక్కడుందో మీకన్నా ముందు వారే చూపిస్తారు. ఒక్కొక్కటీ కాగితంమీద రాసి, వార్డు ఆఫీసులో ఇచ్చి, రసీదు తీసుకోండి. నెల తర్వాత ఆ కాగితం పట్టుకుని మళ్లీ అదే దారిన నడవండి. పూడినవాటిని కొట్టివేసి, మిగిలినవాటితో మళ్లీ ఆఫీసుకు వెళ్లండి.